మ్యాక్‌బెత్ నేరంలో ఎవరి వాటా ఎంత? నా డిసర్టేషన్ అనుభవం

ఎం.ఏ. ఇంగ్లీషు చివరి సెమిస్టరులో డిసర్టేషన్ కోసం నేను ఎంచుకున్నది షేక్‌స్పియర్ ‘మ్యాక్‌బెత్’ నాటకంలో నైతిక బాధ్యత. స్కాట్లండు సేనాని మ్యాక్‌బెత్ చేసిన డంకన్ రాజు హత్యకు కారణం మంత్రగత్తెల జోస్యమా, భార్య ఒత్తిడా, మ్యాక్‌బెత్ దురాశా అంటూ సినాప్సిస్ రాసుకుని వెళ్తే, మా గైడ్ గారు చదివి, “ముగ్గురికీ తలా కాస్త పంచిన డిసర్టేషన్లు లైబ్రరీలో బోలెడు ఉన్నాయమ్మా, ఎవరు ఏ మాట ఎప్పుడన్నారో ముందు చూసి రా” అని తిప్పి పంపారు.

రంగాల వారీగా ‘ప్రేరేపించింది ఎవరు’, ‘నిర్ణయించింది ఎవరు’ అని నోటుపుస్తకంలో రెండు గళ్లు గీసుకుని మళ్లీ మొదటి నుంచి చదివాను. మొదటి అంకం మూడో రంగం దగ్గరే చాలాకాలం ఆగిపోయాను. మంత్రగత్తెలు రాజువవుతావని అన్నారే గాని చంపమని అనలేదు. హత్య ఊసు మొదట వచ్చేది మ్యాక్‌బెత్ స్వగతంలోనే. అదే రంగం ఆరంభంలో ఒక మంత్రగత్తె, అడిగితే చెస్ట్‌నట్ కాయలు పెట్టని నావికుడి భార్య మీద కసితో, ఆమె మొగుడి ఓడను తుపానులో అల్లాడిస్తానంటూనే, ముంచడం మాత్రం తన వల్ల కాదని ఒప్పుకుంటుంది. కథకు అక్కర్లేని ముచ్చటలా కనిపించే ఆ పంక్తుల్లోనే వాళ్ల శక్తికి హద్దు ఉందని నాకనిపించింది.

జోస్యం విన్నవాడు తోటి సేనాని బాంక్వో కూడా. షేక్‌స్పియర్ కథ తీసుకున్న హాలిన్‌షెడ్ చరిత్ర గ్రంథంలో అతడు హత్యలో భాగస్వామి. బాంక్వోను తమ మూలపురుషుడిగా చెప్పుకునే స్టువర్టు వంశపు జేమ్స్ 1603లో ఇంగ్లండు గద్దెనెక్కాడు కాబట్టి, షేక్‌స్పియర్ ఆ మచ్చ తుడిచేయడంలో రాజకీయం ఉండే ఉంటుంది. అయినా అతడు కడిగిన ముత్యమేమీ కాదు. మూడో అంకంలో మ్యాక్‌బెత్‌ను అనుమానించి కూడా నోరు మెదపడు.

అన్నిటికన్నా కష్టపడి రాసింది లేడీ మ్యాక్‌బెత్ అధ్యాయం. తాను రాజుకు బంధువు, సేవకుడు, పైగా ఆతిథ్యమిచ్చినవాడు కనుక చంపరాదని మ్యాక్‌బెత్ తనకు తానే చక్కగా వాదించుకుని, ఈ పని ఇక వద్దని భార్యతో తేల్చి చెప్పి కూడా, ఆమె పిరికివాడన్నట్టు మాట్లాడగానే మెత్తబడతాడు. అసలు ఈ తలంపు ముందు ఎత్తింది నువ్వేనని ఆమె ఎదురు నిలదీస్తుంది; అతడు రాసిన ఉత్తరంలో అయితే హత్య మాటే లేదు. ఆ చిక్కు తేలదని రాసి ముందుకు కదిలాను.

నిర్ణయం మ్యాక్‌బెత్‌దేనన్న నా వాదానికి అసలు ఆధారం ఆ తర్వాతి అంకాల్లో దొరికింది. బాంక్వో హత్యను మ్యాక్‌బెత్ భార్యకు చెప్పకుండానే జరిపిస్తాడు. మ్యాక్‌డఫ్ అనే ప్రభువుతో జాగ్రత్త అని మాత్రమే మంత్రగత్తెలు చూపిన మాయారూపం హెచ్చరిస్తే, ఇంగ్లండు పారిపోయిన అతణ్ణి వదిలి భార్యాబిడ్డలను చంపిస్తాడు. శవాలు పెరిగేకొద్దీ నా మొదటి గడి ఖాళీ అవుతూ వచ్చింది.

వైవాలో ఎక్స్‌టర్నల్ గారు, “అయితే మంథరను వదిలేసినట్టేనా?” అని అడిగారు. లేదండీ, అయిదో అంకంలో నిద్రలో నడుస్తూ చేతులు రుద్దుకునే లేడీ మ్యాక్‌బెత్ పాపం ఆమెదే, దాన్ని భర్త లెక్కలోంచి మాత్రం తీసివేయలేమని చెప్పాను. డంకన్ హత్యకు ముందు మ్యాక్‌బెత్‌కు గాలిలో కనిపించిన బాకు మాటేమిటన్నారు. తాను అప్పటికే పోతున్న దారినే అది చూపుతోందని మ్యాక్‌బెత్తే అంటాడని ఆ పేజీ తీసి చూపించాను. మిగిలిన సమయమంతా ఫుట్‌నోట్ల పద్ధతి మీదే గడిచింది.