గోధుమల గోదాములో కాలేజీ!
నిన్న పిల్లల్ని తీసుకుని లండన్ కింగ్స్ క్రాస్‌కి వెళ్లాం. 1852లో గోధుమల నిల్వకి కట్టిన గోదాములో ఇప్పుడు ఆర్ట్ కాలేజీ నడుస్తోంది. రైళ్ల నుంచి బొగ్గు దింపిన షెడ్లు 2018 నుంచి షాపులు. పాత గ్యాస్ ట్యాంకుల ఇనుప చట్రాలు అలాగే ఉంచి, లోపల గుండ్రంగా అపార్ట్‌మెంట్లు కట్టారు. భలే ఆలోచన!

గోదాము ముందు నేలలోంచి చిమ్మే ఫౌంటెన్లే వెయ్యికి పైగా ఉన్నాయి. మావాళ్లు తడిసి ముద్దయ్యారు. టికెట్ లేదు, పొమ్మనేవాళ్లూ లేరు. నాకు అన్నిటికంటే అదే నచ్చింది. ఆకలేస్తే కాలువ గట్టు మెట్ల మీద కూర్చుని పులిహోర లాగించాం. షాపుల్లోకి మాత్రం ధరలు చూసి వెనక్కొచ్చేశాం. ఇక ఆ చట్రాల్లో ఫ్లాట్ ఎంతని అడక్కండి, మాలాంటి జీతగాళ్లకి కాదది.