కువైట్ నుంచి కుటుంబ ప్రార్థన

కువైట్‌కు వచ్చిన తెలుగు క్రైస్తవుడికి ముందు వారమే మారిపోతుంది. ఇక్కడ శుక్ర, శనివారాలు సెలవు, ఆదివారం మామూలు పనిరోజు. అందుకే మా ఆరాధన శుక్రవారం. కువైట్ సిటీలోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో ఆ రోజు ఒక్కో భాష సంఘానికి ఒక్కో వేళ కేటాయిస్తారు. మేము చివరి పాట పాడేసరికి తర్వాతి సంఘం వాళ్లు గుమ్మం బయట నిలబడి ఉంటారు కనుక సాక్ష్యాలు కూడా క్లుప్తంగానే చెప్పుకోవాలి. ఒకప్పటి అమెరికన్ మిషనరీలు 1931లో కట్టిన ఆలయం అది. ఆదివారం ఉదయం నేను ఏదో మేడ మీద మరమ్మతుకు ఏసీ విప్పుకుని కూర్చునే వేళకు ఉలవపాడు దగ్గర మా ఊళ్లో ఆరాధన సగానికి వచ్చి ఉంటుంది. మన గడియారం ఇక్కడికన్నా రెండున్నర గంటలు ముందు.

ఆదివారం ఆరాధన మా చేతిలో లేదు. రోజూ రాత్రి జరిగే కుటుంబ ప్రార్థన మాత్రం మా చేతిలోనే ఉంది. దాన్ని పోనివ్వకూడదని నేనూ నా భార్యా మొదటి నుంచీ గట్టిగా పట్టుకున్నాం. ఇంటి దగ్గర రాత్రి తొమ్మిది అంటే నాకు సాయంత్రం ఆరున్నర. కంపెనీ బస్సు దిగి, కాళ్లూ చేతులూ కడుక్కుని, రూములో మిగతావాళ్లకు ఇబ్బంది లేకుండా ఫోను పట్టుకుని మేడ మెట్ల మీదికి వెళ్తాను.

ఫోనులో కలిసి పాడటం కుదరదు. నా గొంతు అక్కడికి చేరేలోపు మా అమ్మ తర్వాతి మాటలోకి వెళ్లిపోతుంది, పాటంతా గందరగోళమవుతుంది. కాబట్టి పాట అమ్మదే. నేను నా వైపు మైకు ఆపేసి ఆమె వెనకాల పాడుకుంటాను. ఒకరోజు అమ్మాయి, ఒకరోజు అబ్బాయి వాక్యం చదువుతారు. ఒత్తు తప్పితే నాయనమ్మ ఊరుకోదు, ఆపి మళ్లీ చదివిస్తుంది. చివరి ప్రార్థన నాది. అందులో ఆ రోజు సంగతులన్నీ రావాలని పిల్లల పట్టుదల. లెక్కల పరీక్ష, జ్వరంతో బడికి రాని స్నేహితురాలు, పాలు తాగని దూడ, ఏదీ వదలకూడదు. వాటి కోసం ప్రార్థించాలంటే ముందు నాకు అవి తెలియాలి, తెలియాలంటే కూర్చుని వినాలి. మామూలు ఫోనైతే పిల్లలు 'బాగున్నాం నాన్నా' అని వాళ్ల అమ్మ చేతికి ఇచ్చేస్తారు. ప్రార్థన ఉంది కనుక నా పిల్లల రోజు ఎలా గడిచిందో నాకు తెలుస్తోంది. దేవుడు నాకు చేసిన మేళ్లలో దీన్ని ముందు చెప్పుకుంటాను.

గల్ఫ్ వెళ్లేవారిని సాగనంపేటప్పుడు మన సంఘాల్లో తరచుగా చదివే వాక్యం ఒకటుంది. తన ఇంటివారిని సంరక్షించనివాడు అవిశ్వాసికన్న చెడ్డవాడని తిమోతికి రాసిన మొదటి పత్రిక అయిదో అధ్యాయంలో పౌలు చెప్పిన మాట. నిజమే, డబ్బు పంపడం ఆ బాధ్యతలో భాగం. అప్పు తీరడం, అమ్మ మందులు, పిల్లల ఫీజులు ఏవీ చిన్న విషయాలు కావు. కానీ ఆ మాటను డబ్బు దగ్గరే ఆపేయడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. పిల్లలకు దేవుని మాటలు ఇంట్లో కూర్చున్నప్పుడూ, దారిలో నడిచేటప్పుడూ, పడుకునేటప్పుడూ, లేచేటప్పుడూ చెప్పమని ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయం తండ్రులకు ఆజ్ఞ ఇస్తోంది. ఆ నాలుగు వేళల్లోనూ పిల్లల పక్కన మనిషి ఉండాలి. ఇక్కడ కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే సాధారణంగా నెలకు కనీసం 800 దినార్ల జీతం చూపాలని 2024లో నియమం పెట్టారు. మా వంటి పనివాళ్లకు అది అందని మాట. కనుక ఉన్న సమయాన్నే జాగ్రత్తగా వాడుకోవాలి.

ఈ సందర్భంలో మా ప్రాంతం చరిత్ర నాకు పదేపదే గుర్తొస్తుంది. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, మరి ముగ్గురు తెలుగు విశ్వాసులు మోకరించారు. మొత్తం అయిదుగురు, మా ఇంటి ప్రార్థన అంత. ఆ తర్వాత 1876-78 కరువు వచ్చింది. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసుకుని, తిండి లేని పల్లెలకు కూలి చూపించారు. జనం భార్యాబిడ్డలతో కలిసి వచ్చి గుడిసెలు వేసుకున్నారు. పని మధ్య విరామంలో బోధకులు వాళ్ల మధ్య కూర్చుని వాక్యం చెప్పేవారు. అన్నం కోసం చేరారన్న మాట రాకూడదని కరువు పనులు నడిచినంత కాలం క్లౌ బాప్తిస్మాలు ఆపేశారు. పనులు అయిపోయాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మా ప్రాంతంలో విశ్వాసం ఇలా పరాయి చోట చేసిన కూలి పనితో పాటే పెరిగింది. ఆనాటి వాళ్లు ఆకలిలో కూడా ఇల్లంతా కలిసి కదిలారు, మేము ఒక్కొక్కరం విడివిడిగా విమానం ఎక్కుతున్నాం. వాళ్లకన్నా మా కడుపులు నిండాయి, అందుకు స్తోత్రం. వాళ్లకు దక్కిన ఆ కలిసి ఉండటం మాకు లేదన్నదే నా బాధ.

కాబట్టి సెలవు గురించి నాకు పట్టింపు ఎక్కువ. ఇక్కడి చట్టం ప్రకారం ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు ఉంటుంది. ఏసీ పనిలో ఉన్నవాడికి వేసవిలో అది దొరకదు. ఎండ 50 డిగ్రీలకు చేరే రోజుల్లో మా ఫోను ఆగకుండా మోగుతూనే ఉంటుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు పదకొండు నుంచి నాలుగు వరకు ఆరుబయట పని చేయించకూడదన్న నిబంధన ఉన్నందున తెల్లవారకముందే మేడలెక్కుతాం. సెలవు నాకు చలికాలంలోనే వస్తుంది, నేను కోరుకునేదీ అదే. డిసెంబరు మూడో వారంలో చెన్నైలో దిగితే గూడూరు, నెల్లూరు, కావలి దాటి రాత్రికి ఇంట్లో ఉంటాను. క్రిస్మస్, ఏడాది చివరి రాత్రి ఆరాధన, సంక్రాంతికి బడి సెలవులు అన్నీ కలిసి వస్తాయి. మా ఉలవపాడు మామిడికాయ రుచి చూసే వేళకు నేను ఉండను, పూత మాత్రం చూసి వస్తాను.

వచ్చినవాడి సెలవును ఊరంతా పంచుకోవాలని చూస్తుంది. ప్రేమతోనే లెండి. బంధువుల ఇళ్లలో భోజనాలు, పెళ్లి సంబంధాల మాటలు, బ్యాంకు, తాపీమేస్త్రి. మా రూములో ఉండే ఉదయగిరి వైపు అన్న ఒకరు ఇల్లు కట్టించడానికి వెళ్లి సెలవంతా సిమెంటు, ఇసుక దగ్గరే ఉండిపోయారు. తిరిగి వచ్చాక ఆయన ముఖం చూస్తే ఎంతో జాలి కలిగింది. మా ఇంట్లో ఈ విషయంలో నా భార్య మాటే చెల్లుతుంది. కృతజ్ఞత కూడిక మొదటి వారంలోనే పెట్టేస్తాం, పాస్టరు గారు, సంఘం పెద్దలు, మా వీధివాళ్లు, అంతే. బయటి పనులు పిల్లలు బడిలో ఉన్నప్పుడు. సూర్యుడు వాలాక ఎవరు పిలిచినా, సాక్ష్యం చెప్పమని వేరే సంఘం వాళ్లు అడిగినా, వెళ్లను. దేవుని పనికి అడ్డు చెబుతావా అని ఒక పెద్దాయన నొచ్చుకున్నారు. నా బిడ్డలకు వాక్యం చెప్పడం కూడా దేవుని పనే కదా అయ్యగారూ అన్నాను. ఇప్పుడడిగినా అదే చెబుతాను.

పోయిన సెలవులో అబ్బాయిని స్కూటర్ మీద రామాయపట్నం వైపు తీసుకెళ్లి బకింగ్‌హాం కాలువ చూపించాను. ముత్తాతల కాలం నాటి కరువు సంగతి చెబుతుంటే, వాళ్లు పలుగూ పారతోనే ఇంత తవ్వారా అని గట్టు మీద దూరం అడుగులతో కొలవడం మొదలుపెట్టాడు. వాడి ప్రశ్నలు ఒక పట్టాన అయిపోలేదు. కూలి ఎంత ఇచ్చారు, పిల్లలు ఎక్కడ పడుకున్నారు, చనిపోయినవాళ్ల కోసం ఎవరు ప్రార్థించారు. తెలిసినవి చెప్పాను, తెలియనివి ఇద్దరం కలిసి పెద్దలను అడిగాం. ఆ సాయంత్రం ప్రార్థనలో వాడు తనంతట తానే కాలువ తవ్విన వాళ్ల కోసం దేవునికి స్తోత్రం చెప్పాడు.

ఈ మాత్రం కూడా దొరకని తల్లులు ఇక్కడ ఎందరో ఉన్నారు. ఖాదిం వీసా మీద అరబ్బుల ఇళ్లలో పనిచేసే మన నెల్లూరు, కడప ఆడబిడ్డలకు వారానికి ఒకరోజు సెలవు ఇవ్వాలని 2015 నాటి చట్టం ఉంది. అయినా శుక్రవారం చర్చికి రాలేనివాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. ఆత్మకూరు వైపు చెల్లెలు ఒకామె ఇంట్లోవాళ్లు పడుకున్నాక వంటగదిలో నిలబడి కూతురి కోసం ప్రార్థన చేసి, దాన్ని గొంతు సందేశంగా పంపుతుంది. ఆ పాప బడికి బయల్దేరే ముందు అది విని ఆమేన్ అని తిరిగి పంపుతుంది. కారు ఉన్న చర్చి అన్నలు, దయచేసి ఇటువంటి వారి యజమానులతో మర్యాదగా మాట్లాడి, నెలకు ఒక్క శుక్రవారమైనా తీసుకొచ్చి దిగబెట్టే బాధ్యత తీసుకోండి. మా సంఘంలో కొందరు ఈ పని చేస్తున్నారు, యజమానులు కూడా కొన్నిచోట్ల సరేనంటున్నారు.

డిసెంబరు సెలవుకు నేను దరఖాస్తు ఇచ్చేశాను. ఈసారి ప్రార్థనలో రూతు గ్రంథం చదవాలని మా అమ్మాయి ముందే నిర్ణయించింది. కరువుకు ఊరు విడిచి మోయాబు వెళ్లిన కుటుంబం కథ అది, నాలుగే అధ్యాయాలు. రోజుకు ఒకటి చొప్పున నాన్నే చదవాలట, ఒత్తులు నాయనమ్మ చూసుకుంటుందట.