బఢేఇ దిఅ

రాయగడలో పని అంటే మా పార్వతీపురంలో ఎవరూ దాన్ని వలస కింద లెక్కేయరు. "పక్కనేగా" అంటారు. రైలెక్కి ఓ కునుకు తీసేలోపు దిగిపోతాం. ఆదివారం మజ్జిగౌరమ్మ గుడి దగ్గర వినబడేదంతా మన మాటే. 1936లో ఒడిశా విడిగా ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోదే కాబట్టి బజారులో ఇప్పటికీ తెలుగుతో పని గడిచిపోతుంది. నాకు అదే చేటయింది. ఆరేళ్లుగా ఇక్కడ షాపులకీ గుళ్లకీ సౌండ్ సిస్టమ్‌లు బిగిస్తున్నా, ఒడియాలో వచ్చింది ఇరవై ముక్కలు. అందులో ఒకటి "బఢేఇ దిఅ". పెంచు అని.

నా దగ్గర పనిచేసే కుర్రాడిది కలహండి వైపు. తెలుగు ఒక్క ముక్క రాదు, చేతిపని మాత్రం బంగారం. నన్ను భాయినా, అంటే అన్నా అంటాడు.

దసరా ముందు వారం. మూడంతస్తుల బట్టల షాపు, అంతస్తుకి పది చొప్పున సీలింగ్ స్పీకర్లు, 250 వాట్ల యాంప్లిఫయర్. నేనే బిగించిన సిస్టమ్. సాయంత్రం జనం నిండాక గంట పాడి ఆగిపోతోంది. కాసేపు చల్లారితే మళ్లీ పాడుతుంది. పొద్దున తక్కువ సౌండులో ఏ గొడవా లేదు. శావుకారు మన తెలుగాయనే, ఫోన్లోనే మొదలెట్టాడు. "ఏటయ్యా ఇది, పండగ బేరాల్లో మూగబోతే ఎలాగ?"

వెళ్లి ఫ్యూజు చూశాను, బాగుంది. ఫ్యాను తిరుగుతోంది. సాయంత్రం కరెంటు 190 ఓల్టులకి దిగడం చూసి, దొంగ దొరికాడనుకుని స్టెబిలైజర్ తెచ్చి పెట్టించాను. మర్నాడూ అంతే. డబ్బులిచ్చినాయన ముందు ఆ స్టెబిలైజర్ వంక చూడటానికి కూడా మొహం చెల్లలేదు.

అప్పుడు అసలు మొదట చేయాల్సిన పని చేశాను. లైన్లన్నీ ఊడదీసి, ఒకే ఒక్క స్పీకర్ తగిలించి, రెండు గంటలు గట్టిగా పాడించాను. యాంప్లిఫయర్ చెక్కుచెదరలేదు. అంటే రోగం పెట్టెలో లేదు, సీలింగ్‌లో ఉంది.

లైనుకి మల్టీమీటర్ పెడితే మూడు నాలుగు ఓములు. షార్టే అనిపిస్తుంది. ఇక్కడే చాలామంది సీలింగ్ విప్పించేస్తారు. కానీ ఇది 100 ఓల్టుల లైను, ప్రతి స్పీకర్ వెనకా చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. మల్టీమీటర్ పంపేది డీసీ. దానికి కనబడేది తీగచుట్ట ఒక్కటే. పాట వెళ్లేది ఏసీగా, దానికి ట్రాన్స్‌ఫార్మర్ చూపించే అడ్డు వేరే. అది తెలియాలంటే ఇంపీడెన్స్ మీటర్ కావాలి. మా దగ్గర ఉన్న ఒక్క మీటరూ గుణుపూర్ సైటులో ఉండిపోయింది. బస్సులో తెప్పించుకున్నాను.

లెక్క తేలికే. ఓల్టేజీని దానితోనే గుణించి, మొత్తం వాట్లతో భాగిస్తే ఓములు. స్పీకర్ ఎన్ని వాట్లు లాగాలో ట్రాన్స్‌ఫార్మర్ మీద వైరు తగిలించే చోటుని బట్టి ఉంటుంది, దాన్నే ట్యాపు అంటాం. 30 స్పీకర్లు, ఒక్కోటి 5 వాట్ల ట్యాపు మీద పెట్టాను కాబట్టి 150 వాట్లు, దగ్గరదగ్గర 67 ఓములు రావాలి. ఓములు ఎంత తగ్గితే లోడు అంత ఎక్కువ. 250 వాట్ల యాంప్లిఫయర్ 40 ఓములకి తగ్గనంత వరకే మోస్తుంది. మీటరు 33 చూపించింది. అంటే 300 వాట్ల లోడు. షార్టు ఉంటే ఏదో ఒక అంతస్తు తేడాగా చూపించాలి. అంతస్తు అంతస్తూ విడదీసి చూస్తే మూడూ సమానంగా 100 ఓములే.

నిచ్చెన ఎక్కి మొదటి స్పీకర్ దింపాను. వైరు 5 మీద లేదు, 10 మీద ఉంది. నీటుగా మెలిపెట్టి, బిగించి, పైన టేపు కూడా చుట్టి ఉంది. రెండోదీ అంతే.

కింద నిచ్చెన పట్టుకున్న కుర్రాడు మొహం వెలిగిపోతూ, "ము కరిఛి, భాయినా" అన్నాడు. నేనే చేశా అని.

అప్పుడు గుర్తొచ్చింది. పది రోజుల కిందట నేను గుణుపూర్‌లో ఉండగా శావుకారు సౌండు చాలట్లేదన్నాడు. వీడికి ఫోన్ చేసి "టికే బఢేఇ దిఅ" అని పెట్టేశాను. నా ఉద్దేశం నాబు కాస్త తిప్పమని. అంతకు ముందే ఒక బడిలో ట్యాపు మార్చి చూపిస్తూ ఇదే మాట అన్నాను వాడితో. వాడికి పెంచడమంటే అదే. షాపు కట్టేశాక తెల్లవార్లూ ముప్ఫై స్పీకర్లు దింపి, మార్చి, ఎక్కించాడు. పవరు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి కాస్త గట్టిగా అనిపిస్తుందంతే. దాని కోసం ఒక్కడే, నిచ్చెన పట్టేవాడు కూడా లేకుండా.

తిట్టడానికి నోరు రాలేదు. పైగా తిట్టడానికి తగినంత ఒడియా కూడా లేదు. ఐదు వేళ్లు చూపించాను. "కమేఇ దేబి?" అన్నాడు, తగ్గించేయనా అని. మొహం చిన్నబోయింది.

ఆ రాత్రి ఇద్దరం కలిసి మార్చాం. కింద గుమ్మం దగ్గర జనం గోల ఎక్కువ కాబట్టి అక్కడి నాలుగు స్పీకర్లనీ 10 మీదే ఉంచాను. మొత్తం 170 వాట్లు, మీటరు 59. దసరా అయ్యేదాకా మళ్లీ ఆగలేదు. స్టెబిలైజర్ వల్లే బాగైందని శావుకారు ఇప్పటికీ అందరికీ చెబుతాడు.

ఇప్పుడు ఫోన్లో "బఢేఇ దిఅ" అంటే చాలు, కుర్రాడు ముందు "నాబా, ట్యాపా?" అని అడుగుతాడు. మొన్న హోటల్లో చెమటలు పోస్తున్నాయని ఫ్యాను పెంచమన్నా అదే అడిగాడు.