కోనసీమకి పంటు మీద వెళ్ళండి

మా నరసాపురం వాళ్ళకి కోనసీమ అంటే ఏటికి అవతలి ఒడ్డు. ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్నా దాని మీద మోజు తీరదు. అందుకే చించినాడ వంతెన ఎక్కి, జాతీయ రహదారి మీద అమలాపురం దాకా పోయి, ఓ బొండం తాగి వెనక్కి వచ్చేసేవాళ్ళని చూస్తే మనసు చివుక్కుమంటుంది. అది గోదావరి పాయలు గౌతమికీ వశిష్ఠకీ మధ్య, వైనతేయ అనే మరో పాయ చీల్చిన నేల. నీళ్ళు దాటుకుంటూ, కాలవ గట్ల వెంట వెళ్తేనే దాని అందం తెలిసేది.

నరసాపురం దగ్గర మాధవాయిపాలెం రేవులో పంటు, అంటే ఏరు దాటించే వెడల్పాటి పడవ, ఎక్కి అవతల సఖినేటిపల్లిలో దిగండి. బైకులూ కార్లూ కూడా ఎక్కిస్తారు. బండిని గేర్లో వేసి, పక్కనే నిలబడండి. ఒడ్డుకి తగిలేటప్పుడు పంటు కుదుపు ఇస్తుంది. సముద్రం దగ్గర కావడంతో ఇక్కడ ఏరు పోటుపాట్లకి లోబడి ఉంటుంది. పాటు వేళ ఇసుక మేటల మీద పంటు ఆగిపోతే మళ్ళీ పోటు వచ్చేదాకా కూర్చోవాల్సిందే. అమావాస్యకీ పౌర్ణమికీ పాటు మరీ లాగుతుంది కాబట్టి ఆ రోజుల్లో రేవులో ముందే వేళ కనుక్కోండి. మాఘ శుద్ధ దశమి రాత్రి అంతర్వేదిలో నరసింహస్వామి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథోత్సవం. ఆ రెండు రోజులూ రేవు కిటకిటలాడిపోతుంది, బండి ఇంటి దగ్గరే వదిలేసి రావడం నయం.

రాజోలు దాటి పి.గన్నవరం చేరాక మాత్రం తొందరపడకండి. అక్కడ కింద వైనతేయ పారుతుంటే, దాని మీంచి కాలవ దాటుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది సరే, కానీ పాయ అవతల ఉన్న రాజోలు వైపు పొలాలకి ఆ నీళ్ళు అందేదెలా? ఏటి మీద కమానులు కట్టి, వాటిపై కాలవనే నడిపించారు. ఆ పాత అక్విడెక్టు పక్కనే ఇప్పుడు వాడుకలో ఉన్న కొత్తది ఉంది. దానికి లంకల గన్నవరంలో వేళాపాళా లేకుండా ఆకలన్నవాళ్ళకి అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఇంతకన్నా తగిన పేరు నాకు తోచదు. పై నుంచి చూసి వెళ్ళిపోకుండా, ఏరు తగ్గి ఉంటే ఒడ్డుకి దిగి కింద నుంచి చూడండి. ఇటుక కమానుల వరస అక్కడి నుంచే పూర్తిగా కనిపిస్తుంది.

ఎప్పుడు వెళ్ళాలో కూడా నీళ్ళే చెప్తాయి. వేసవిలో కాలవలకి నీళ్ళు ఆపేస్తారు. అప్పుడు వెళ్తే గట్ల మధ్య బురదా గుర్రపుడెక్కా తప్ప ఏమీ ఉండదు. జూలై నుంచి సెప్టెంబరు దాకా వరదలు. ధవళేశ్వరం దగ్గర పది లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక వేస్తారు. వరద పెరిగితే పంట్లు ఆపేస్తారు, కనకాయలంక కాజ్‌వే లాంటివి మునిగిపోతాయి. పులస చేప దొరికేది కూడా ఆ ఎర్రనీళ్ళ రోజుల్లోనే. పులస కోసమైతే ఇంటి దగ్గరే తినండి, ఊళ్ళు చూడ్డానికి దసరా వెళ్ళాక రండి. సంక్రాంతి దాకా కాలవలు నిండుగా ఉంటాయి.

ఒక్క రోజే కుదిరేవాళ్ళు కనుమ నాడు అంబాజీపేట దగ్గరి జగ్గన్నతోటకి వెళ్ళండి. చుట్టుపక్కల ఊళ్ళ శివుళ్ళు, పదకొండు మంది రుద్రులు, ఎత్తుగా అలంకరించి భుజాల మీద మోసే ప్రభల మీద అక్కడికి వస్తారు. గంగలకుర్రు ప్రభల్ని కౌశిక కాలవ దాటించేటప్పుడు చూడాలి. మోసేవాళ్ళు నీళ్ళలోకి దిగి, అంతెత్తు ప్రభ ఒరిగిపోకుండా అవతలి గట్టుకి ఎక్కిస్తారు. ఆ గట్టు మీద చోటు కావాలంటే మధ్యాహ్నానికి ముందే చేరుకోవాలి. బండ్లు దూరంగా ఆపేస్తారు, నడక తప్పదు.

తిరుగు ప్రయాణం రావులపాలెం మీదుగా ఆత్రేయపురం, అక్కడి నుంచి బొబ్బర్లంక. పూతరేకు ఎవరైనా అమ్ముతారు, రేకు తీయడం చూడాలంటే మాత్రం ఆత్రేయపురమే. నునుపైన కుండ బోర్లించి, కింద ఎండు కొబ్బరాకు మంట పెడతారు. పల్చగా రుబ్బిన బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి లాగితే, కాగితం కన్నా పల్చటి పొర క్షణంలో లేచి వస్తుంది. పిండి చిక్కబడితే రేకు దళసరవుతుంది. మంట ఎక్కువైతే మాడుతుంది, తక్కువైతే ఊడిరాదు. కొనేటప్పుడు ఒకటి విప్పి చూడండి: పొరలు దేనికది విడివడాలి, నెయ్యి వాసన తాజాగా ఉండాలి. గాలి తగిలితే మెత్తబడిపోతాయి కనుక మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పెట్టి తీసుకెళ్ళండి. బొబ్బర్లంక నుంచి ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా విజ్జేశ్వరం దిగితే నిడదవోలు రోడ్డు తగులుతుంది. అక్కడి నుంచి నరసాపురం దాకా ఇటు పక్క కాలవలు.