ఉదయగిరిలో సిస్టర్ల బడి: చేర్చే ముందు మేం చూసినవి

నెల్లూరులో మా పాప యూకేజీ చదివిన బడి మీద నాకింకా కోపం పోలేదు. అక్షరం వంకర పోతే బెంచీ ఎక్కించేవాళ్ళు. పిల్ల నిద్రలో ఉలిక్కిపడి లేచేది. అందుకే మా ఆయనకు ఉదయగిరి బదిలీ అయినప్పుడు, ఈసారి బడిని నా కళ్ళతో చూశాకే చేర్చాలనుకున్నా.

అందరూ సిస్టర్ల బడి అంటారు, క్రైస్తవ సన్యాసినులు నడిపేది. చిన్నది. ఐదో తరగతి దాకానే, 84 మంది పిల్లలు. ముందు ఆఫీసులోకి పోలేదు. సాయంత్రం గంట కొట్టే వేళకు గేటు దగ్గర నిలబడ్డా. మనవడి కోసం వచ్చిన ఒక అవ్వను కదిలిస్తే, "కొట్టరమ్మా. తెలుగు బాగా చదవతా ఉండాడు. ఇంగ్లీషే ఇంకా నోరు తిరగడంలా" అంది. ఏ కరపత్రమూ ఇంత సూటిగా చెప్పదు.

మర్నాడు హెచ్ఎం సిస్టర్ గారిని కలిశా. అరగంట వెనక బెంచీలో కూర్చుంటానంటే సరేనన్నారు. ఒకటీ రెండూ ఒకే గదిలో. ఒక పిల్లాడు 'ఉడుత' దగ్గర ఆగిపోయాడు. టీచరమ్మ అందివ్వలేదు, వాడి పక్కనే నిలబడింది. వాడు కూడబలుక్కుని చదివేదాకా గదిలో ఒక్కరూ నవ్వలేదు. పిల్లల్ని అలా అలవాటు చేయడానికి ఎన్ని నెలలు పట్టి ఉంటుందో! అయితే అంతసేపూ రెండో తరగతి పిల్లలు లెక్కలు ముగించి ఖాళీగా కూర్చున్నారు. ఆ మాట సిస్టర్ గారితో అంటే, ఇంకో టీచరు కావాలని ఒప్పుకున్నారు.

బడికి ప్రభుత్వం ఇచ్చే యూడైస్ నంబరు అడిగి రాసుకున్నా. 11 అంకెలు, మన రాష్ట్రానివి 28తో మొదలవుతాయి. గుర్తింపు లేని బడైతే రేపు టీసీ దగ్గర తిప్పలు. పక్కింటామె ఉచిత సీటుకు పెట్టమంది గానీ, 2014 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత విద్యాహక్కు చట్టంలోని 25 శాతం సీట్లు ఇలాంటి మైనారిటీ బడులకు వర్తించవు.

ప్రార్థన సంగతీ అడిగా. తల్లిదండ్రుల సమ్మతి లేకుండా మతబోధలో కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణంలోనే ఉంది. క్యాటకిజం, అంటే క్రైస్తవ మతబోధ, వేళ మిగతా పిల్లలకు నీతికథలు చెబుతారట. సిస్టర్ గారికి బదిలీ ఎప్పుడని కూడా అడిగా, ఎందుకంటే వాళ్ళ సన్యాసినుల సభ ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోవాలి. "ఇంకో రెండేళ్ళు ఉంటానేమోనమ్మా" అన్నారు.

నన్ను ఎక్కువ ఆపింది నీళ్ళు. ఈ వైపు బోర్లలో ఫ్లోరైడ్ ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. కాచినా పోదు సరికదా, నీరు ఆవిరయ్యే కొద్దీ చిక్కబడుతుంది. ఎనిమిదేళ్ళ లోపు, శాశ్వత పళ్ళు లోపల తయారయ్యే వయసులో తాగితే పళ్ళ మీద పడే మచ్చలు జీవితాంతం ఉంటాయి. బడిలో ఆర్వో ఉంది, దాని నీళ్ళ పరీక్ష కాగితం మాత్రం రెండేళ్ళ నాటిది. మళ్ళీ చేయించమని అడిగితే సిస్టర్ గారు నొచ్చుకోలేదు. తేదీ చూసుకుని, "నిజమేనమ్మా, పంపిస్తాం" అన్నారు.

జూన్‌లో చేర్చాం. కొత్త కాగితం ఇంకా రాలేదు. నీళ్ళ సీసా ఇంటి నుంచే పంపుతున్నా.