కామెర్ల మంచం మీద నాకు పనికొచ్చిన కథలు, పాటలు, అంబలి

కళ్ళు పచ్చబడకముందే నాకు పోపు వాసన పడకుండా పోయింది. వంటింట్లో ఆవాలు చిటపటమంటే కడుపులో తిప్పేది. తర్వాత జ్వరం, విపరీతమైన నీరసం, మూత్రం ముదురు రంగులోకి మారడం. పరీక్ష చేయిస్తే, రక్తంలో 1 దగ్గర ఉండాల్సిన బిలిరుబిన్ (ఒంటిని పచ్చబరిచే పదార్థం) 9 దాటింది. హెపటైటిస్-ఎ అన్నారు. కలుషితమైన నీళ్ళ వల్ల, తిండి వల్ల వచ్చే కామెర్లు ఇవి. ఎక్కడ తాగిన నీళ్ళో చెప్పడం కష్టం, ఎందుకంటే వైరస్ ఒంట్లో చేరాక 15 నుంచి 50 రోజుల మధ్య ఎప్పుడైనా బయటపడుతుందట. దీన్ని తగ్గించే ప్రత్యేకమైన మందు లేదు, ఒళ్ళే దాన్ని గెలవాలి, రెస్ట్ తీసుకోండి అని పంపేశారు డాక్టరమ్మ.

రెస్ట్ అంటే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పరు. పగలంతా మంచం మీద ఉండాలి, నిద్రేమో రాదు. ఫోన్ చూస్తే తల తిరిగేది. టీవీలో వార్తలు పెడితే టెన్షన్. ఎప్పటినుంచో చదవాలనుకున్న లావుపాటి నవల తీస్తే, పేజీ చివరికొచ్చేసరికి మొదట్లో ఏముందో గుర్తుండేది కాదు. జబ్బులో ఉన్నప్పుడు మనకున్న ఓపిక అయిపోయేలోగా అయిపోయేవి కావాలి. చదివేదైనా, వినేదైనా, తినేదైనా అంతే. నా అనుభవంలో తేలింది ఇదే. అందుకే ఇప్పుడు ఎవరు మంచాన పడ్డా ఈ కింద చెప్పినవే చెప్తున్నాను.

మొదట చాసో కథలు. శ్రీకాకుళంలో పుట్టి విజయనగరంలో బతికిన చాగంటి సోమయాజులు (1915–1994) రాసినవి తక్కువే, చాలావరకు చిన్న కథలు. ఒక్క మాట ఎక్కువుండదు. మా చిన్నాన్న సాయంత్రం చూడ్డానికి వచ్చి, "ఏటమ్మా, పుస్తకం పట్టుకోడానికి కూడా ఓపిక లేదేటి? నువ్వు కళ్ళు మూసుకో, నేను చదువుతాను" అని 'వాయులీనం' చదివారు. జబ్బుపడిన ఇల్లాలు, ఆమె వైద్యానికి అమ్ముడుపోయిన వయొలిన్, ఇదీ కథ. కాలేజీలో చదివినప్పుడు మంచి కథ అనుకున్నాను. మంచం మీద వింటుంటే మాత్రం, నా మందులకీ పరీక్షలకీ ఇంట్లో ఎవరు ఏం వదులుకుంటున్నారో అన్న ఆలోచన వచ్చి ఏడ్చాను. ఏడ్చాక ఒళ్ళు తేలికపడింది. రోగికి సంతోషం కలిగించేవే చెప్పాలంటారు కానీ, నేనైతే ఒప్పుకోను. నిజం చెప్పే కథ కూడా ఊరటనిస్తుంది.

తర్వాత 'కన్యాశుల్కం'. దీన్ని కళ్ళతో కాదు, చెవులతో చదవాలి. మొదటి రంగం జరిగేది మా ఊరు విజయనగరంలోని బొంకులదిబ్బలోనే. చిన్నాన్న రోజుకో రంగం చదివేవారు, గిరీశానికో గొంతు, మధురవాణికో గొంతు. 1909 నాటి రెండో కూర్పులోని ఆ మాటలు మా ఇళ్ళలో పెద్దవాళ్ళు ఇంకా మాట్లాడుకుంటున్నట్టే ఉంటాయి. కారా మాస్టారి (కాళీపట్నం రామారావు) కథ 'యజ్ఞం' మాత్రం కోలుకున్నాకే చదవండి. ఆ ముగింపు తట్టుకోడానికి ఒంట్లో బలం ఉండాలి. నేను అలాగే దాచుకుని చదివాను. ఆయన 1997లో శ్రీకాకుళంలో పెట్టిన కథానిలయం ఉంది కదా, నడవగలిగే రోజులొచ్చాక ఒకసారి వెళ్ళి రండి. తెలుగు కథ అంతా ఒక్కచోట కనబడుతుంది.

సంగీతం విషయంలో మా ఊరివాళ్ళం అదృష్టవంతులం. ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఇక్కడి మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్ చెప్పారు, తర్వాత ప్రిన్సిపాల్‌గా చేశారు. ఆయన పాత రికార్డింగులు యూట్యూబ్‌లో దొరుకుతాయి. సాహిత్యం ఉండదు కాబట్టి మాటల వెంట మనసు పరుగెత్తక్కర్లేదు. మధ్యాహ్నం ఒళ్ళంతా దురదగా ఉండి నిద్రపట్టనప్పుడు సౌండ్ బాగా తగ్గించి వినేదాన్ని. పాటలు కావాలంటే మా విజయనగరంలోనే పుట్టిన సుశీలమ్మ పాడిన పాతవి. 'మిస్సమ్మ'లో 'బాలనురా మదనా' ఎన్నిసార్లు విన్నానో. ఆ పాటకి బాణీ కట్టిన సాలూరి రాజేశ్వరరావుగారిదీ ఈ ప్రాంతమే, సాలూరు దగ్గర శివరామపురం. సినిమా కూడా కొంచెం కొంచెంగా చూడండి. సిరీస్ కావాలంటే 'మాల్గుడి డేస్', ఎక్కువ భాగాలు అరగంటలోపే అయిపోతాయి.

ఇక తిండి. చుట్టుపక్కలవాళ్ళంతా ఉప్పు, నూనె, పప్పు మానేయమన్నారు. పసరు మందు తెస్తామన్నారు. డాక్టరమ్మ గట్టిగా వద్దన్నారు. కొన్ని పసరు మందులు కాలేయానికే చేటు చేస్తాయి, జ్వరం బిళ్ళలు కూడా అడక్కుండా వేసుకోవద్దు, పథ్యం పేరుతో కడుపు మాడ్చొద్దు, ఏది దిగితే అది తినండి అన్నారు. ఈ జబ్బులో పొద్దెక్కేకొద్దీ వికారం పెరుగుతుంది. అందుకే పొద్దున్నే ఎక్కువ తిని, సాయంత్రం తక్కువ తినేదాన్ని.

నన్ను నిలబెట్టింది మా అత్తయ్య చేసిన చోడంబలి, అంటే రాగి అంబలి. చోడి పిండి రాత్రి నీళ్ళలో కలిపి పులవనిచ్చి, పొద్దున్న కాచి, చల్లారాక మజ్జిగ, కాస్త ఉప్పు వేసి ఇచ్చేవారు. పల్చగా ఉండాలి, గటగటా తాగేయాలి. నమలక్కర్లేదు, వాసన రాదు, వికారం ఉన్నా దిగుతుంది. తర్వాత బెల్లం నంజుకుని ఇడ్లీ. ఇంకొన్నాళ్ళకి పోపు లేకుండా ఉడికించిన ఆనపకాయ, పెసరపప్పు. అది తిన్న రోజు ఇంకొంచెం వెయ్యమని అడిగాను. అత్తయ్య ఏం మాట్లాడకుండా గిన్నె మొత్తం నా పక్కన పెట్టేశారు. కామెర్లకి చెరకు రసం మంచిదని బండి దగ్గర తాగిస్తుంటారు. ఆ ఐస్ ఏ నీళ్ళతో చేసిందో తెలియదు, ఈ జబ్బు వచ్చేదే అలాంటి నీళ్ళతో. బత్తాయి రసం ఇంట్లోనే తీసుకోండి. తాగే నీళ్ళు మరిగించండి, ఇంట్లో మిగతావాళ్ళకి టీకా గురించి డాక్టర్ని అడగండి. రోగి మాట తడబడుతున్నా, మగతగా ఉన్నా, వాంతులు ఆగకపోయినా పాటలూ కథలూ పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

చూడ్డానికి వచ్చేవాళ్ళు ఆపిల్ పళ్ళు, హార్లిక్స్ తెస్తారు. అవి ఇంట్లో పేరుకుపోతాయి. వాటి బదులు ఒక చిన్న కథ తెచ్చి, పక్కన కూర్చుని చదివి వినిపించండి. జబ్బు సంగతి మీరుగా ఎత్తకండి, అది ఆ రోజు అప్పటికే పదిమంది అడిగి ఉంటారు.