రిజిస్టరులో లేని పేర్లు

మా స్త్రీల సమాజానికి కార్యదర్శిగా నన్ను ఎన్నుకున్న రోజున నా చేతికి మూడు వస్తువులు అందాయి: ఒక రసీదు పుస్తకం, పిడికెడు బియ్యం కానుకను కొలిచే ఇత్తడి సోల, అట్ట ఊడిపోయిన సభ్యుల రిజిస్టరు. ఆ రిజిస్టరులో సగానికి పైగా స్త్రీలు తమ పేర్లతో లేరు. ‘తాపీమేస్త్రి గారి భార్య’, ‘రెండో వీధి కోడలు’, ‘రిటైర్డు మాస్టారి తల్లి’ అని రాసి, ఎదురుగా నెలనెలా చందా ముట్టినట్లు గీతలు మాత్రం తప్పకుండా పెట్టారు. పసితనంలో పేరు పెట్టి పిలిచి బాప్తిస్మమిచ్చే మన లూథరన్ సంఘం, ఆ పిల్ల పెళ్లయి వేరే ఊరి గుడికి వచ్చేసరికి ఆ పేరేమిటని అడగడం కూడా మానేస్తున్నదని నాకు ఆ రోజే తట్టింది.

మాది గుంటూరు దగ్గరి ఊరు. మా గుడికి కోడళ్లుగా వచ్చేవారిలో ఒంగోలు వైపు బాప్తిస్టు కుటుంబాల ఆడపిల్లలు తరచుగా ఉంటారు. వారికి కీర్తనలు తెలుసు, వాక్యం తెలుసు, కానీ మన ఆరాధన క్రమం కొత్త. పాపపు ఒప్పుకోలు ఎప్పుడు చదవాలో, ఎక్కడ లేచి నిలబడాలో తెలియక వెనక వరుసలో సర్దుకుని, ఆశీర్వాదం ముగిసీ ముగియకముందే చెప్పులు వేసుకుని వెళ్లిపోతారు. పక్కన కూర్చుని, పుస్తకం తెరిచి, వేలితో వరుస చూపించే ఒక అక్క ఉంటే ఈ ఇబ్బంది నాలుగు ఆదివారాల్లో తీరుతుంది. దీనికి తీర్మానాలు, సదస్సులు అక్కరలేదు.

తీర్మానం అవసరమైనది కూటం వేళ విషయంలో. ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల శ్రమకాలపు కూటాలను మేము ఎప్పటినుంచో పగలు పదకొండు గంటలకు పెట్టుకునేవాళ్లం. శ్రమకాలం వచ్చేది సరిగ్గా మిరప సరుకు మార్కెట్టుకు పోటెత్తే రోజుల్లో. మా సమాజంలో చాలామంది అప్పుడు తొడిమలు తీసే పనికి వెళతారు. ఒక పూట మానితే ఆ పూట కూలి పోయినట్టే. వారు రాకపోవడాన్ని మేము ఏళ్ల తరబడి ‘ఆత్మీయత తగ్గింది’, అంటే భక్తి తగ్గింది, అని చెప్పుకుని నిట్టూర్చాం. ఇద్దరు పెద్దమ్మల అభ్యంతరం మధ్య కూటాన్ని రాత్రి ఏడున్నరకు మార్చినప్పుడు, మొదటి వారమే చాపలు చాలక పక్కింటి నుంచి తెప్పించవలసి వచ్చింది. ఆత్మీయత విషయంలో మేము ఇచ్చిన తీర్పు తప్పని ఆ పెద్దమ్మలిద్దరూ ఇప్పటికీ ఒప్పుకోరు, కూటానికి మాత్రం అందరికంటే ముందు వస్తారు.

అలా వచ్చినవారిలో ఒకామె ఏడో తరగతి వరకు చదివింది. కొన్నాళ్ల తర్వాత ఒక ఆదివారం ఆరాధనలో బైబిలులోని పత్రిక పాఠం చదవమని ఆమెను అడిగాను. ఎఫెసీయుల పత్రిక రెండో అధ్యాయం. ‘ఏకపట్టణస్థులును’ అన్న మాట దగ్గర నాలుక తిరగడం లేదని, ఆ వచనాన్ని కాగితం మీద రాయించుకుని, మడిచి బొడ్డులో దోపుకుని పనికి వెళ్లింది. తొడిమలు తీస్తూ వారమంతా వల్లెవేసిందని తోటి కూలీలు చెప్పారు. ఆదివారం బల్ల దగ్గర నిలబడినప్పుడు ఆమె చెమటను కొంగుతోనే ఒత్తుకుంది కానీ, మిరప మంట ఇంకా దిగని వేళ్లను కళ్ల దగ్గరికి పోనివ్వలేదు. ‘దేవుని యింటివారు’ అన్న చోట ఆగి ఊపిరి తీసుకుని మరీ చదివింది. ఆ మరుసటి వారం ఆమె వెనక వరుసలో కూర్చోలేదు.

గృహిణి పని కూడా దేవుడిచ్చిన పిలుపే అని లూథరు బోధించాడని మన ప్రసంగాల్లో తరచుగా వింటాం. అది నిజమే, గొప్ప మాటే. కానీ ఆ బోధను స్త్రీని వంటింట్లోనే ఉంచడానికి వాడుకోవడం నాకు నచ్చదు. అదే లూథరు 1522లో వివాహ జీవితం గురించి రాస్తూ, తండ్రి విశ్వాసంతో బిడ్డ పొత్తిగుడ్డలు ఉతుకుతుంటే దేవుడు దూతలందరితో కలిసి చిరునవ్వు నవ్వుతాడని కూడా అన్నాడు. ఆ భాగాన్ని పురుషుల కూటంలో ఎవరూ ప్రసంగించగా నేను వినలేదు.

మన చరిత్రలోనూ ఇలాంటి ఎంపిక ఉంది. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు రావడాన్ని ఏటా స్మరించుకుంటాం. 1883లో వచ్చి, 1898లో స్త్రీల కోసం ఆసుపత్రి తెరిచి, 1930లో మరణించేదాకా ఇక్కడే వైద్యం చేసిన డాక్టర్ అన్నా కుగ్లర్ పేరు ఆ ఆసుపత్రి వల్ల నిలిచింది. కానీ ఘోషా ఇళ్లలోకి, పల్లెల్లోకి నడిచి వెళ్లి, గడప దాటలేని స్త్రీలకు అక్షరాలు నేర్పి వాక్యం చదివి వినిపించిన తెలుగు బైబిలు స్త్రీల పేర్లు మాలో ఒక్కరికీ తెలియవు. ఎవరి ఇంటికి ఏ వేళకు వెళ్లాలో, ఏ తల్లితో ఏ మాట ఎలా మొదలుపెట్టాలో వారికి తెలుసు. ఆ తెలివికి సంఘం ఒక పని, కొద్దిపాటి జీతం, ఒక గౌరవం కల్పించింది. ఈనాటి మా సమాజంలో కాన్పుల సంగతి తెలిసినవారు, పొదుపు సంఘం లెక్కలు రాసేవారు, కుట్టుపనివారు ఉన్నారు. పండుగ వచ్చిందంటే వీరందరికీ మేము చెప్పే పని ఒక్కటే: గుడి ఊడ్చి, పులిహోర కలపడం. పులిహోర మీద నాకు కోపం లేదు, మా ఊరి పులిహోర నిజంగా బాగుంటుంది.

ఇక డబ్బు సంగతి. అన్నం వండే ప్రతిసారీ ఒక పిడికెడు తీసి డబ్బాలో వేసిన బియ్యం అమ్మగా వచ్చిన సొమ్ము స్త్రీలదే అయినా, దానిని దేనికి ఖర్చు పెట్టాలో తేల్చేది మాత్రం దాదాపు అందరూ పురుషులే ఉన్న సంఘ కమిటీ. లూథరన్ ప్రపంచ సమాఖ్య 1984లోనే బుడాపెస్ట్ మహాసభలో ప్రతినిధులలో కనీసం 40 శాతం స్త్రీలు ఉండాలని నిర్ణయించుకుంది. మా కమిటీలో తొమ్మిదిమందికి ఒక్కరే స్త్రీ. గత ఏడాది బియ్యం సొమ్ము కొత్త స్పీకర్లకు వెళ్లింది. ఈ ఏడాది సొమ్మును భర్త పోయిన ఒక సభ్యురాలి కూతురి నర్సింగు ఫీజుకు ఇవ్వాలని సమాజం తీర్మానించి, పేర్లతో సహా ముప్ఫై ఒక్క సంతకాలు, ఆరు వేలిముద్రలు పెట్టి పంపింది. కమిటీ నుంచి రెండు నెలలుగా జవాబు లేదు. వచ్చే శుక్రవారం రాత్రి ఏడున్నరకు ఆ కాగితాన్ని మళ్లీ చదివి, ఈసారి అందరం కలిసి వెళ్లి చేతికి ఇవ్వాలనుకుంటున్నాం.